పాత్రధారణ, ఉత్తరభాగం, ఆశాభంగం: కారెంపూడి ఆధారంగా ఒక పరిశీలన

పాత్రధారణ ప్రధానమైన వీడియో ఆటల ఉత్తరభాగాలపై పాత అభిమానుల అసంతృప్తిని గతకాల మమకారంగా కొట్టివేయడం పరిపాటి. 1998 నాటి 'ఫాలౌట్ 2' తరువాత, మరో సంస్థ చేతిలో 2008లో వెలువడిన మూడో భాగంలో దృశ్యవైభవం పెరిగినా, సంభాషణతో కథను మలుపు తిప్పే అవకాశం సన్నగిల్లిందన్నది వారి ఆక్షేపణ. దాని మూలం పాత్ర చేజారడంలో ఉంది. పూర్వపు గుంటూరు జిల్లా కారెంపూడి ఇందుకు తార్కాణం.

మిరప, పత్తి చేల నడుమ ఏటా కార్తికమాసంలో జరిగే వీరారాధనకు వచ్చేవారందరికీ కథాంతం తెలుసు. బాలచంద్రుడు బతకడు. అయినా రాచగావు మొదలు కల్లిపాడు వరకు అయిదు నాళ్లూ జనం తరలివస్తారు. మందపోరునాడు చాపకూడు పంక్తిలో కూర్చున్నవాడు శ్రోతగా మిగలడు. బ్రహ్మనాయునితో సహపంక్తి భోజనం చేస్తున్నాడు. వీరవిద్యావంతుల గానం గాయకుణ్ణిబట్టి మారినా ఆ స్థానం చెక్కుచెదరదు. 1947లోనూ 1966లోనూ వచ్చిన 'పల్నాటి యుద్ధం' చలనచిత్రాలు కథను కారెంపూడి ఎరగని ఊళ్లకు చేర్చాయి. ఆ మేలు చిన్నది కాదు. కాని ప్రేక్షకునికి అవి ఇవ్వగలిగింది కుర్చీ మాత్రమే.

మూడో భాగంతోనే ఫాలౌట్ లోకంలో తొలిసారి అడుగుపెట్టినవారికి పాతవారి ఆక్షేపణ అర్థం కాకపోవడం సహజం. అక్కడొక పంక్తి ఉండేదని వారికి తెలియదు.