ఆడితే రెండేళ్లు

హైదరాబాద్ బేగం బజార్‌లో కొత్త దుకాణం తెరిచిన రోజు హిజ్రాల చప్పట్లు వినబడకపోతే సేటుకే ఏదో వెలితి. వేళ్లు చాచి, అరచేతులు అడ్డంగా తగిలేలా కొడతారు. ఇంట్లో నేనూ కొట్టి చూశాను, సభల్లో కొట్టే చప్పట్లే వచ్చాయి. వాళ్ల చప్పుడు స్టీలు గిన్నెల మోతనూ హమాలీల కేకలనూ దాటుకుని వీధి చివరిదాకా పోతుంది. నోటు తీసుకుని దీవించి, ఒక రూపాయి బిళ్ల తిరిగిస్తే సేటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకుంటాడు.

ఇంత గిరాకీ ఉన్న దీవెన 2023 దాకా ఈ ఊళ్లో నేరం కూడా. 1919 నాటి నిజాం చట్టం ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కాల్సి ఉండేది. ఆడబట్టల్లో, నగలతో వీధిలో కనిపించినా, ఆడినా, వాయించినా వారంటు లేకుండా పట్టుకునే వీలుండేది. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, చట్టం పోలేదు. నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ ఇచ్చాం. అదే ఏడాది ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణతో పాటు ఈ చట్టమూ దక్కింది. నాటకం అయ్యాక చీర విప్పేసేవాళ్లకు సన్మానం, విప్పనివాళ్లకు ఠాణా. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మోగ్లి తదితరులు కోర్టుకెక్కితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

వీధిలో ఆట బతుకుదెరువు. తమకోసం ఆడుకునేది జల్సాలో. నిర్వాణం, అంటే అంగం తీయించుకునే సంస్కారం, అయిన చేలాను (శిష్యురాలిని) నలభై రోజులు గదిలో ఉంచి, ఆ తర్వాత పసుపు రాసి, మెహందీ పెట్టి, పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు. ఢోలక్ అందుకున్నాక ఇక తెల్లారినట్టే. కన్నవాళ్లు గెంటేసిన పిల్లకు అక్కడ గురువే తల్లి. న్యూయార్క్‌లోనూ ఇలాంటి ఇళ్లే లేచాయి. హార్లెంలో 1869లో మొదలైన హామిల్టన్ లాడ్జ్ బాల్, 1920ల నాటికి ఆడవేషాల పోటీలకు పేరుమోసింది. తెల్లవాళ్లకే కిరీటాలు పెట్టే పోటీలతో విసిగిన నల్లజాతి కళాకారిణి క్రిస్టల్ లబైజా 1970ల మొదట్లో సొంత ‘హౌస్’ పెట్టి దానికి తల్లి అయింది. మన ఊరి హిజ్రాల షహర్‌వాలా, లష్కర్‌వాలా ఇళ్ల పెద్దలకు ఆమె మాట వేరే చెప్పనక్కర్లేదు.

ధిక్కారమంటే జెండాలూ ఊరేగింపులే అనుకుంటాం. నా మటుకు, ఆడితే జైలన్న ఊళ్లో వందేళ్లు ఆట మానకపోవడమే పెద్ద ధిక్కారం. చట్టం సంగతి తేలింది. రాత్రంతా ఢోలక్ మోగుతుందని తెలిసి కూడా ఇల్లు అద్దెకిచ్చే యజమాని దొరకడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది.