చిన్న ఇంట పాత స్పీకర్లు: ఒక గుణదోష విచారణ

సంగీతమును విమర్శించువారు మనలో పెక్కురు కలరు. గాయకునికి శ్రుతి తప్పినదనియు, తబలా వానికి లయ జారినదనియు చెప్పగలవారికి లోటు లేదు. కాని ఆ గానమును మన చెవికి చేర్చు పెట్టెను గూర్చి విచారించువారు అరుదు. స్పీకరు మంచిది కానిచో ఘంటసాల కంఠమైనను జలుబు చేసిన కంఠమువలె వినబడును. కావున దానికిని గుణదోష విచారణ అవసరమని నా మనవి.

భివండీలోని మన తెలుగువారిలో అనేకులు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గములను నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబములవారు. పద్మనగరమున పది అడుగుల గదిలోనే వంట, పడక, పిల్లల చదువు సాగు ఇండ్లు ఎన్నో కలవు. అట్టి ఇంట క్రొత్తగా ఖరీదైన పరికరము కొనుట సాధ్యము కాదు. అందుచే ముంబయి చోర్ బజారునందో, లామింగ్టన్ రోడ్డునందో 1970, 1980 దశకముల నాటి స్పీకర్లను వెదకు యువకులు కనబడుచున్నారు. వారి అభిరుచి మెచ్చదగినది; ఎన్నుకొను పద్ధతి మాత్రము మెచ్చదగినది కాదు. పెద్ద పెట్టె, ఎక్కువ వాట్లు, విదేశీ పేరు అను మూడింటిని చూచియే వారు డబ్బు చెల్లించుచున్నారు.

మొదట పరిమాణము. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోవును. పది అడుగుల ఎడము గల రెండు గోడల నడుమ 56 హెర్ట్జుల దగ్గరి మంద్రధ్వని సహజముగనే ఉబ్బును. గది పొడవు వెడల్పులు సమానమైనచో ఈ దోషము మరింత ప్రబలును. అట్టి గదిలో పెద్ద పెట్టెను మూలకు చేర్చినచో మృదంగపు తొప్పి నాదము పోయి వట్టి హుంకారము మిగులును. మంద్రధ్వనికి పెద్ద పెట్టెయే కావలెనన్న మాటయు పూర్తిగా నిజము కాదు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అను ఆయన 1954లో ఏ.ఆర్.-1 అను స్పీకరును తెచ్చి, బిగువుగా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగువలె పనిచేయించి, లోతైన మంద్రమును సాధించెను. ఇంగ్లండున బీ.బీ.సీ.వారు 1970 దశకమున ప్రసారవాహనముల ఇరుకులో వాడుటకై ఎల్.ఎస్. 3/5ఏ అను అడుగెత్తు పెట్టెను రూపొందించిరి. మానవకంఠమును సహజముగా వినిపించుటలో దానికి గొప్ప పేరు వచ్చెను. నేడు దాని వెల మనకందదు. కాని ఇరుకైన చోటికి తగిన చిన్న పెట్టె అను దాని నీతి ఉచితముగనే లభించును.

రెండవది వాట్లు. నూలు నంబరు పెరిగిన కొలది దారము సన్ననగునని మన పిల్లలకును తెలియును. సంఖ్య పెద్దదైనంత మాత్రమున దారము లావు కాదు. వాట్లును అట్టివే. అవి స్పీకరు ఎంత శక్తిని భరించునో చెప్పునే గాని ఎంత ధ్వని ఇచ్చునో చెప్పవు. శక్తిని రెండింతలు చేసినను ధ్వని 3 డెసిబెల్సు మాత్రమే హెచ్చును. ఒక్క వాటుకు 90 డెసిబెల్సు నిచ్చు పెట్టెకును, 84 నిచ్చు పెట్టెకును భేదము నాలుగింతల శక్తి! ఇంట ఉన్నది చిన్న ఆంప్లిఫయరైనచో మొదటిదే తగును. విల్చరు తరహా పెట్టెలు శక్తిని మిక్కిలిగా కోరును. చిన్న ఆంప్లిఫయరుతో వాటికి పొత్తు కుదరదు.

మూడవది పేరు. "పైన పటారము, లోన లొటారము" అను సామెత పాత విదేశీ పెట్టెలకు తరచుగా వర్తించును. కోను చుట్టు నుండు నురుగు అంచు మన తేమగాలికి ఏండ్లు గడచిన కొలది పొడియై రాలిపోవును. రబ్బరు అంచుగాని గుడ్డ అంచుగాని గలవి అంతకంటె మన్నును. ఫిలిప్సు, సోనోడైన్, కాస్మిక్ పేర్లతో మన దేశమున అమ్ముడైన పెట్టెలు బాగుగా నిలిచియున్నచో వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు.

కొనువారు కోనును వ్రేళ్లతో సమముగా, మెల్లగా లోనికి నొక్కి చూడవలెను. గీరుధ్వని వచ్చినచో లోని తీగచుట్ట చెడినదని గ్రహింపవలెను. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణకాలము తాకించి రెండు కోనులును ఒకే దిక్కునకు కదలునో లేదో చూడవలెను; ఎదురెదురుగా కలిపినచో మంద్రము నశించును. ముందరి గుడ్డ మార్చునపుడు దట్టమైన నేత తగదు. ఊపిరి ఊదిన ఆవలికి పోవు పలుచని నేత కావలెను. ఈ పరీక్ష మనవారికెవ్వరును నేర్పనక్కరలేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. మరమగ్గముల షెడ్డులలో రొద 90 డెసిబెల్సును దాటుట సామాన్యము. కర్మాగారములకు ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు అది. మనవారి పాళీలు తరచుగా పండ్రెండు గంటలు. ఇట్టి రొదవలన వినికిడి మొదట 4,000 హెర్ట్జుల ప్రాంతమున తగ్గును. స, శ, ష, త, క మొదలగు హల్లుల స్పష్టత ఆ ప్రాంతముననే ఎక్కువగా ఆధారపడియున్నది. మాట తెలియలేదని నేతగాడు ధ్వనిని పెంచును; మంద్రము పెరిగిన కొలది అది ఆ హల్లులను మరింత కప్పివేయును. కావున వానికి కావలసినది గట్టి ధ్వని కాదు, తేట ధ్వని. ఏ స్పీకరులో తక్కువ ధ్వనియందే పద్యములోని శకార షకారములు వేరువేరుగా వినబడునో అదియే మంచిదని నా తీర్పు.

పండుగనాడు డోలు గుండెలదరగొట్టవలెనను వారికి నా తీర్పు రుచింపకపోవచ్చును. పందిటిలో ఆ ముచ్చట కొంత తీరవచ్చును. ఇంట మాత్రము గోడ కావల రాత్రిపాళీ చేసివచ్చినవాడు నిద్రించుచుండును. నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్సని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు హద్దు పెట్టినవి. అంతకంటె పెద్ద హద్దు పొరుగువాని నిద్ర.

మన సంఘమువారు ఒక ఆదివారము నాలుగైదు జతల పాత స్పీకర్లను ఒక చిన్న గదిలో చేర్చి, ఒకే పద్యమును అన్నిటను వినిపించి, యువకులను, వృద్ధులైన నేతగాండ్రను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి అభిప్రాయములడిగినచో ఎంతో మేలు. మాట ఎవరికి ఎచ్చట తెలియకపోయినదో వ్రాసికొని, అట్టివారిని చెవి వైద్యుని యొద్దకు పంపుటయు అందులో భాగము కావలెనని నా ప్రార్థన.