పాట సరే, అట్ట సంగతేంటి?

ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్ అంటే ఇంచుమించు మన ఇంటర్మీడియట్ వయసు పిల్లల చదువు. అందులో మీడియా స్టడీస్ తీసుకున్నవాళ్లకి చాలా ఏళ్లపాటు ఓ సరదా పేపరు ఉండేది. ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు దానికి జీ324 అని నంబరిచ్చింది. ఎవరో గాయకుడి ఆల్బమ్ ఒకటి మార్కెట్లోకి రాబోతోందనుకోవాలి. దాని ప్రచారానికి కావలసిన సరంజామా అంతా పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలే తయారుచెయ్యాలి. అసలు పని ఒక మ్యూజిక్ వీడియో. దానికి తోడు డిజిపాక్ అట్ట, పత్రికలో వేసే ప్రకటన, వెబ్‌సైట్ మొదటి పేజీ, ఈ మూడిట్లో ఏవైనా రెండు. డిజిపాక్ అంటే ప్లాస్టిక్ డబ్బాకి బదులు పుస్తకంలా విప్పుకునే అట్టలో సీడీ పెట్టి అమ్మేది.

పిల్లలు ప్రాణం పెట్టేది వీడియో మీద. అదేమీ తప్పు కాదు. కాకపోతే మార్కుల లెక్క చూస్తే బోర్డువాళ్ల మనసు వేరేగా ఉన్నట్టు తెలుస్తుంది. మొత్తం వంద. పరిశోధన, ప్రణాళికలకి 20. తయారీకి 60, అందులో వీడియోకి 40, తోడు పనులు రెండిటికీ (అట్ట, ప్రకటన అనుకుందాం) చెరో 10. చివరికి తమ పనిని తామే బేరీజు వేసుకోవడానికి ఇంకో 20. అంటే తెరమీద కనిపించేదానికి సగం కూడా లేవు. మిగతా అరవై ఆ వీడియోకి ముందూ వెనకా పక్కనా జరిగిన ఆలోచనకి.

ఆ ఆలోచనని పట్టుకోవడమే మూల్యాంకనంలో అసలైన కష్టం.

బేరీజు కోసం బోర్డు నాలుగు ప్రశ్నలడిగేది. బయట వస్తున్న వీడియోల పద్ధతుల్ని మీరు ఎక్కడ వాడుకున్నారు, ఎక్కడ కాదన్నారు? వీడియోకీ, అట్టకీ, ప్రకటనకీ పొత్తు ఎలా కుదిరింది? చూసినవాళ్లు చెప్పినదాన్నించి ఏం నేర్చుకున్నారు? సాంకేతిక పరికరాల్ని ఏ దశలో ఎలా ఉపయోగించారు? చూడ్డానికి తేలిగ్గానే ఉన్నాయి. వచ్చే జవాబుల్లో మాత్రం సగం సరుకుల చీటీల్లా ఉంటాయి: ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేశాం, ఫోటోషాప్‌లో అట్ట వేశాం, యూట్యూబ్‌లో పెట్టాం. టీచరు తెలుసుకోవాలనుకున్నది వేరు. మూడో చరణంలో గాయని ముఖం ఎందుకు చూపించలేదు? ఆ ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబిచ్చిన గ్రూపు, పది సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసిన గ్రూపు కన్నా ముందుంటుంది. ఉండాలి కూడా.

పరికరాల మాట వచ్చింది కాబట్టి, ఈ ప్రాజెక్టుల్లో ఎక్కువగా దెబ్బతినేది పెదాల దగ్గర. పాటని స్పీకర్లో పెట్టి గాయకుడి చేత పాడించి తీస్తారు. కొత్తవాళ్లు సిగ్గుపడి ఊరికే పెదాలు కదుపుతారు. గొంతు నరాలు కదలవు, ఊపిరి కనిపించదు, దగ్గర షాటు పెట్టగానే దొంగతనం బయటపడుతుంది. నిజంగా గొంతెత్తి పాడితే తప్ప ఆ షాటు నమ్మబుద్ధి కాదు. ఎడిటింగ్ బల్ల దగ్గర ఇంకో చిక్కు. చాలా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని ఖాయంగా నిలబడవు, వెలుతురును బట్టి కాస్త అటూఇటూ అవుతాయి. పల్లవిలో కుదిరిన పెదాలు ఆఖరి చరణానికొచ్చేసరికి జారిపోతాయి. తెలివైన గ్రూపులు పాట మొత్తాన్నీ దూరపు షాటులో ఒకసారి, నడుము వరకు ఒకసారి, ముఖం మీద ఒకసారి తీసుకుని, కెమెరాలో పడ్డ ధ్వని తరంగాన్ని అసలు పాట తరంగం పక్కన పెట్టి సరిచూసుకుంటాయి. జారిన చోట గిటారు మీదికో, వేళ్ల మీదికో కట్ చేసి తప్పించుకుంటాయి. ఆ తప్పించుకోవడాన్ని బేరీజులో దాచిపెట్టేవాళ్లే ఎక్కువ. నిజానికి నాలుగో ప్రశ్నకి అంతకన్నా మంచి జవాబు లేదు.

ఇక సిద్ధాంతాలు. ఆండ్రూ గుడ్విన్ 1992లో రాసిన 'డ్యాన్సింగ్ ఇన్ ది డిస్ట్రాక్షన్ ఫ్యాక్టరీ' పేరు లేని ఏ-లెవెల్ ఫైలు అరుదు. పాట మాటలకీ బొమ్మకీ మధ్య సంబంధం మూడు రకాలంటాడాయన. మాట చెప్పిందే బొమ్మ చూపించడం, మాటకి బొమ్మ కొత్త అర్థం కలపడం, మాట ఒకవైపు పోతే బొమ్మ ఇంకోవైపు పోవడం. పిల్లలు మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. పాటలో వాన అంటే వాన, రైలు అంటే రైలు, ప్రేమ విడిపోతే చింపిన ఫోటో. తరువాత బేరీజులో గుడ్విన్ చెప్పినట్టే చేశామని గర్వంగా రాసుకుంటారు. గుడ్విన్ ఏ పనీ చెయ్యమని చెప్పలేదు. వచ్చిన వీడియోల్ని చూసి ఇలా ఉన్నాయన్నాడు, అంతే. ఇంకో సంగతి కూడా పిల్లలు ఆయన పుస్తకం నుంచే తెచ్చుకుంటారు: రికార్డు కంపెనీకి తన గాయకుడి ముఖం కావాలి, ఎందుకంటే అమ్ముడుపోయేది ఆ ముఖమే. అందుకే ఇన్ని దగ్గర షాట్లు. దీన్ని అర్థం చేసుకున్న పిల్లలకి అట్ట మీద ఏ బొమ్మ పెట్టాలన్న ప్రశ్న ఆటోమేటిగ్గా మొదలవుతుంది.

డబ్బు లేదన్న సాకు కూడా ఈ పనిలో ఎక్కువసేపు నిలబడదు. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ 'ప్రెయిజ్ యూ' పాటకి స్పైక్ జోన్జ్ తీసిన వీడియో 1999లో వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఒక సినిమా హాలు ముందు, అనుమతి లేకుండా, టేప్‌రికార్డరు పెట్టి ఒక ఉత్తుత్తి డ్యాన్స్ బృందంతో గెంతులు వేయించారు. జోన్జ్ తనే ముందు నిలబడి అడ్డదిడ్డంగా ఆడాడు. మధ్యలో హాలు ఉద్యోగి వచ్చి టేప్‌రికార్డరు ఆపేస్తే, ఆ ముక్కని కూడా కత్తిరించకుండా ఉంచేశారు. అదే ఏడాది ఎంటీవీ వీడియో అవార్డుల్లో దానికి మూడు దక్కాయి. వణికే కెమెరా, వెలిసిన రంగులు, బరువెక్కిన నడుములు, అన్నీ కావాలని పెట్టినవే. 'మా వీడియో కూడా వణికింది' అని రాసే పిల్లలకి టీచరు అడగాల్సింది ఆ 'కావాలని' గురించే.

ఇప్పుడు అట్ట దగ్గరికి వద్దాం. పది మార్కులే కదా అని ఆఖరి వారంలో ముగించేస్తారు. వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి, మీద గాయకుడి పేరు ఓ అక్షరశైలిలో, ఆల్బమ్ పేరు ఇంకో శైలిలో. వీడియోలోంచి తీసిన ఫ్రేము ముద్రకి పనికిరాదు, మసకబారుతుంది. ఫోటోలు విడిగా తియ్యాలి, అదీ షూటింగ్ రోజునే, అదే బట్టల్లో, అదే వెలుతురులో తీసిపెట్టుకోవాలి. ఆ రోజు ఎవరూ స్టిల్ కెమెరా పట్టుకోలేదంటే అట్ట గురించి ఎవరూ ఆలోచించలేదనే లెక్క. వెనక అట్ట మీద పాటల వరుస, బార్‌కోడ్, హక్కుల గురించిన చిన్న అక్షరాల పంక్తి, కంపెనీ గుర్తు ఉండాలి. వెన్ను మీద పేరుండాలి, అరలో నిలబెడితే కనిపించేది అదే మరి. క్యాసెట్ల రోజులు ఎరిగిన తెలుగువాడికి ఇవన్నీ తెలిసిన సంగతులే. ఎ సైడు, బి సైడు పాటలు, పాడినవారు, రాసినవారు అంటూ లోపలి కాగితాన్ని చీమల్లాంటి అక్షరాలతో నింపిన తరం అది.

పొత్తు ఎలా కుదురుతుందో చెప్పడానికి షెఫీల్డ్ బ్యాండు ఆర్కిటిక్ మంకీస్‌ని మించిన ఉదాహరణ ఈ కాలమ్ రాసే మనిషికి తోచడం లేదు. 2013 జూన్‌లో 'డూ ఐ వానా నో?' వీడియో వచ్చింది. దర్శకుడు డేవిడ్ విల్సన్. నల్లటి తెర, మధ్యలో సన్నటి తెల్లగీత. దరువు పడగానే గీత వణుకుతుంది. గొంతు కలిశాక ఇంకా విరుగుతుంది, మెల్లగా బొమ్మలుగా మారుతుంది. సెప్టెంబరులో 'ఏఎమ్' ఆల్బమ్ వచ్చింది. నల్లటి అట్ట, మధ్యలో తెల్ల తరంగం. ఆల్బమ్ పేరు కూడా ఆ తరంగపు వంపుల్లోనే దాగి ఉంది. బ్యాండు సభ్యుల ముఖం ఒక్కటీ లేదు. ముఖం అమ్ముకోవాలన్న సూత్రాన్ని పక్కనపెట్టి ఒక గీతని ముఖంగా చేసుకున్నారన్నమాట. వేసవిలో వీడియో చూసినవాడు శరదృతువులో దుకాణంలో ఆ అట్టని ఇరవై అడుగుల దూరం నుంచి గుర్తుపడతాడు. పిల్లల్లో చాలామంది 'మూడిట్లోనూ నీలం రంగు వాడాం, కాబట్టి పొత్తు కుదిరింది' అని రాస్తారు. నీలం ఒక్కటే సరిపోదు. నీలమే ఎందుకు, ఆ గాయకుడికీ దానికీ ఏమిటి సంబంధం అన్నది కూడా రాస్తే అప్పుడు జవాబు మొదలైనట్టు.

మన దగ్గర ఈ లెక్కలు ఇంకోరకంగా తిరుగుతాయి. సినిమా కన్నా పాట ముందొస్తుంది, హీరో స్టెప్పుల్ని థియేటరు కోసం దాచాలి. మరి ప్రచారానికి ఏం చూపించాలి? 'సామజవరగమన' లిరికల్ వీడియో 2019 సెప్టెంబరులో వచ్చినప్పుడు తెరమీద సిద్ శ్రీరామ్ పాడుతున్నాడు, చుట్టూ వాద్యకారులున్నారు. సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది. అన్ని నెలలూ ఆ పాటకి ముఖం సిద్ శ్రీరామ్‌దే. తెలుగు ప్రేక్షకుడు గాయకుడి ముఖాన్ని అంతసేపు చూడటం అప్పటిదాకా తక్కువే. ఎవరి ముఖాన్ని అమ్మాలన్న నిర్ణయానికి ఇదొక చక్కటి పాఠం, ఏ దేశపు విద్యార్థికైనా.

పత్రిక ప్రకటనలో పిల్లలు తరచూ మర్చిపోయేది విడుదల తేదీ. నవ్వొస్తుంది కానీ నిజం. నక్షత్రాలుంటాయి, ఉత్తుత్తి సమీక్షల్లోంచి పొగడ్తలుంటాయి, దుకాణాల గుర్తులుంటాయి, ఎప్పుడు కొనాలో మాత్రం ఉండదు.

ప్రేక్షకుల స్పందన అనే మూడో ప్రశ్న దగ్గర అసలు నిజాయతీ తేలుతుంది. వీడియో పూర్తిచేసి, తోటి పిల్లలకి చూపించి, 'నచ్చిందా' అనడిగి, వచ్చిన జవాబుల్ని రంగురంగుల వృత్తాలుగా గీసి అతికిస్తారు. ఎనభై శాతం మందికి నచ్చిందట. స్నేహితుడికి నచ్చక ఏం చేస్తుంది? పైగా అంతా అయిపోయాక అడిగితే మార్చడానికి ఏముంటుంది? కచ్చా ఎడిట్ దశలో అడగాలి. గొంతు మూసేసి బొమ్మ మాత్రమే చూపించి, ఇది ఏ తరహా పాట అయ్యుంటుందని అడగాలి. అట్ట ఒక్కటే ఇచ్చి, ఈ గాయని వయసెంత, ఎలాంటి పాటలు పాడుతుందో ఊహించమనాలి. జవాబు 'ఇదేదో డాక్యుమెంటరీ అనుకున్నా' అని వస్తే అది బంగారం. దాన్ని ఉన్నదున్నట్టు రాసి, ఆ మాట విన్నాక ఏ షాటు తీసేశారో చెబితే, ఇరవైలో ఆ భాగం మార్కులకి వాళ్లు అడగాల్సిన పనే ఉండదు.

నలుగురు కలిసి తీసిన వీడియోకి మార్కులు మాత్రం ఎవరికి వారికే. ఇది టీచరుకి నిజమైన తలనొప్పి. కెమెరా పట్టుకున్నదెవరు, రాత్రంతా ఎడిట్ చేసిందెవరు, బిస్కెట్లు తెచ్చిందెవరు? స్కూలు వేసిన మార్కుల్ని బోర్డు మోడరేటర్లు నమూనాగా తీసుకుని సరిచూస్తారు కాబట్టి ప్రతి మార్కుకీ కారణం రాయాలి. ఆ కారణాలు దొరికేది ప్రణాళిక ఫైళ్లలో, బేరీజు జవాబుల్లో. 'మేం అనుకున్నాం, మేం చేశాం' అని నలుగురూ ఒకే వాక్యం రాస్తే ఎవరి పనీ కనిపించదు. 'స్టేషన్ సీను వద్దని చెప్పింది నేను, ఇద్దరు ఒప్పుకోలేదు' అని ఒకరు రాస్తే టీచరు కలం కదులుతుంది.

2018 తరువాత ఆ పాత పేపరు పోయింది. కొత్త ఏ-లెవెల్లో ప్రాజెక్టు వాటా 30 శాతం. డిజిపాక్ స్థానంలోకి ఎక్కువగా ఆన్‌లైన్ పని వచ్చింది. లోకం కూడా అటే నడిచింది. బ్రిటన్‌లో పాటల వారపత్రిక ఎన్‌ఎంఈ 2018 మార్చిలో అచ్చు ఆపేసింది, క్యూ పత్రిక 2020లో మూతపడింది. ప్రకటన వెయ్యడానికి పేజీలే కరువయ్యాయి. అట్ట పని ఇప్పుడు యూట్యూబ్ థంబ్‌నెయిల్ చేస్తోంది. వీడియో ఎక్కించగానే యూట్యూబ్ తనంతట తనే ఓ మూడు ఫ్రేములు ఏరి చూపిస్తుంది, కావాలంటే మనం వేరే బొమ్మ పెట్టుకోవచ్చు. విద్యార్థి ప్రాజెక్టులు వరుసగా తెరిచి చూడండి. గాయకుడి కళ్లు సగం మూసుకుని, నోరు సగం తెరుచుకుని ఉన్న ఫ్రేము చాలాచోట్ల అలాగే ఉండిపోతుంది. నెలల తరబడి వెలుతురు గురించీ, రంగు గురించీ, గుడ్విన్ గురించీ రాసిన నలుగురిలో ఒక్కరికీ దాన్ని మార్చాలని తట్టలేదంటే, మూల్యాంకనం చేసేవాళ్లు ఆ ముక్క కూడా కారణాల గడిలో రాసుకోవాలి.