136వ కీర్తన : పల్లవి భారము

హీబ్రూ స్తోత్రగ్రంథమునకు తెలుగున ‘కీర్తనలు’ అని పేరు. పల్లవి గలది కీర్తన యని మనకు వాడుక. ఆ పేరు 136వ కీర్తనకు పూర్తిగా తగును. ఇందలి 26 వచనములకును చివర నొకే మాట వచ్చును. యూదులు దీనిని ‘మహా హల్లేల్’ అందురు. విశ్రాంతిదినపు ఉదయారాధనమునను, పస్కా రాత్రి భోజనమునను పఠింతురు. ఆంగ్లికన్ ప్రార్థనగ్రంథమున నిది నెలలో 28వ దినపు సాయంకాలమునకు వచ్చును.

మూలమున ‘స్తుతించుడి’ యను క్రియ ముందుండును. ‘ఆకాశమును చేసినవానికి’, ‘భూమిని పఱచినవానికి’ అను సంప్రదానార్థక పదబంధములు దానిని పట్టుకొని వ్రేలాడును. తెలుగున క్రియకు స్థానము వాక్యాంతము. అట్టి యన్వయ మిచ్చట సాగదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్‌లు మొదలు అనువాదకుల కెల్ల నెదురయిన చిక్కే యిది. ప్రచారములో నున్న యనువాదము 4వ వచనమునుండి వీనిని విడివాక్యములుగా కోసినది. దీనిని దోష మనజాలను. కాని ఆహ్వానము వృత్తాంతముగా మాఱినది. తెగిన వాక్యములను కూర్చు భారమంతయు పల్లవిపై బడినది. ఆ పల్లవిలోని ‘హెసెద్’ నిబంధనకు కట్టుబడిన ప్రేమ. ‘కృప’ యన్నచో దయ నిలుచును, కట్టుబాటు జాఱును.

గాజువాకలో నొక యారాధనమున బోధకు డొక్కడే వచనములన్నియు చదువగా వింటిని. ఒక్కొక్క వాక్యము విడిగా రాలిపడినది. మఱియొకమాఱు సభ పల్లవి నందుకొన్నది. అన్వయ మప్పుడు కుదిరినది.