ఇది మనది గాదు బిడ్డా

అరకిలో బెండకాయలు, రెండు కట్టల పాలకూర. ఇరవై అయిదు రూపాయలయింది. జేబులో ఉన్న చిల్లరంతా తీసి కూరగాయల అవ్వ దోసిట్లో పోశాను. ఆమె కళ్లతో లెక్కపెట్టదు. ఒక కంట్లో పొర కమ్మింది, రెండో కన్ను అంతంత మాత్రం. బొటనవేలితో ఒక్కో బిళ్లనూ కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి జారుస్తూ పోతుంది. అయిదో బిళ్ల దగ్గరో ఆరో బిళ్ల దగ్గరో వేలు ఆగింది. దాన్ని అరచేతిలో పైకీ కిందికీ రెండుసార్లు ఆడించి నా వైపు చాపింది.

"ఇది మనది గాదు బిడ్డా. బరువున్నది."

వెలుతురుకు తిప్పి చూశాను. ఒకవైపు సన్నటి మూతి వంచుకుని నిలబడ్డ కాఫీ కూజా. రెండోవైపు అరబ్బీ రాత. పొద్దున టీ కొట్టులో ఇచ్చిన చిల్లరతో పాటు వచ్చినట్టుంది, రెండు రూపాయల బిళ్ల అనుకుని నేను జేబులో వేసుకున్నాను. దుబాయ్ దిర్హమ్ అది. అవ్వకు రెండు రూపాయలు వేరేగా ఇచ్చి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

రాత్రి భోజనం అయ్యాక జేబులో చిల్లరను స్టీలు పళ్లెంలో పోసి ఏరడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. మా నాన్న నుంచి వచ్చింది. కొట్టు కట్టేశాక గల్లాపెట్టె బోర్లించి రూపాయలు ఒక కుప్ప, అర్ధలు ఒక కుప్ప, పావలాలు ఒక కుప్ప పోసేవాడు. ఏ కుప్పలోనూ చేరని బిళ్లలు కిటికీ మీద గాజు సీసాలో పడేవి. ఇప్పుడు ఆ సీసా నా దగ్గరుంది. ఫోనుతో డబ్బు కట్టడం అలవాటయ్యాక పళ్లెంలో పడే చిల్లర బాగా తగ్గింది. అయినా మా జగిత్యాల వైపు ఇంకా నెలకో రెణ్నెల్లకో ఒక పరదేశి బిళ్ల తగులుతూనే ఉంటుంది. కారణం వెతకనక్కర్లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషి వెళ్లని వాడ దొరకడం కష్టం.

అక్కడి నుంచి తిరిగొచ్చేవాళ్లు శంషాబాద్ విమానాశ్రయంలో దిగేటప్పుడు నోట్లు మార్చుకుంటారు. బిళ్లలను మాత్రం డబ్బు మార్చే కౌంటర్లవాళ్లు సాధారణంగా తీసుకోరు. అందుకని అవి ప్యాంటు జేబులోనే ఇంటికొస్తాయి. కొన్నాళ్లు పిల్లలు ఆడుకుంటారు. తర్వాత పోపు డబ్బాలో పడతాయి. ఎప్పుడో ఒకరోజు పాల ప్యాకెట్టుకు చిల్లర తక్కువైనప్పుడు ఆ డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు తీస్తారు. కావాలని మోసం చేసేవాళ్లు లేరని అనను గానీ, నా అనుభవంలో ఎక్కువ బిళ్లలు ఇలా పొరపాటున దారిలోకి వచ్చినవే.

పొరపడడానికి ఈ బిళ్లల కొలతలే చాలు. 1973లో మొదటిసారి వచ్చిన దిర్హమ్ పెద్దది, 28 మిల్లీమీటర్లు దాటేది. దాన్ని 1995లో 24 మిల్లీమీటర్లకు తగ్గించారు. మన పాత స్టీలు రూపాయి 25, 2011 నాటి రెండు రూపాయల బిళ్ల 25. చూపుకు తేడా అందదు. బరువు మాత్రం వేలికి తెలుస్తుంది. మన స్టీలు బిళ్ల అయిదు గ్రాములకు లోపు, దిర్హమ్ ఆరు గ్రాముల పైన. అవ్వ వేలు పట్టుకున్నది ఆ గ్రాము పైచిలుకు తేడానే.

సందేహం ఉంటే అయస్కాంతం పెట్టి చూడొచ్చు. మన స్టీలు రూపాయి ఠక్కున అంటుకుంటుంది. పాత దిర్హమ్ రాగి, నికెల్ కలిపి చేసింది, అది కదలదు. కొత్తగా వస్తున్న దిర్హములు మాత్రం నికెల్ పూత పూసిన స్టీలు. వాటి దగ్గర ఈ పరీక్ష పనిచేయదు.

నేను తెచ్చుకున్న బిళ్ల మీద రెండు సంవత్సరాలున్నాయి. 1415 అని హిజ్రీ లెక్క, 1995 అని మనం వాడే లెక్క. అరబ్బీ అంకెలు చదవడం పెద్ద కష్టం కాదు. భాష కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి. ఒకటి, తొమ్మిది చూడగానే గుర్తుపడతాం. ఎక్కువ తికమక అయిదుతో. అది గుండ్రంగా ఉండి మనకు సున్నాలా కనిపిస్తుంది. వాళ్ల సున్నా ఒక చుక్క. ఇవి గుర్తుపెట్టుకుని మిగిలిన అంకెల రూపాలు కూడా నేర్చుకుంటే మీ ఇంట్లో ఉన్న కువైట్, ఒమన్ బిళ్లల మీద సంవత్సరాన్ని మీరే చదువుకోవచ్చు. కువైట్ బిళ్ల మీద తెరచాప ఓడ ఉంటుంది. ఒమన్‌లో వెయ్యి బైసాలైతే ఒక రియాల్. బైసా మన పైసాయే. అరబ్బీలో ప అక్షరం లేదు, అందుకని బ అయింది.

ఆ మాట అక్కడికి చేరడానికి కారణముంది. గల్ఫ్‌లో ఒకప్పుడు రోజువారీ జేబు డబ్బు మన రూపాయే. కువైట్, బహ్రెయిన్, దుబాయ్, మస్కట్ బజార్లలో మన రూపాయిలతోనే బేరాలు జరిగేవి. ఆ దారిలో బంగారం దొంగరవాణా పెరగడంతో 1959లో మన రిజర్వ్ బ్యాంకు ఆ దేశాల కోసమే రంగు మార్చి వేరే నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దినార్లు పెట్టుకున్నాయి. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే దూరం జరిగారు. ఒమన్ మటుకు 1970 దాకా ఆగింది. అంటే వాళ్ల బిళ్ల మన జేబులో కనబడడానికి చాలా ముందే మన డబ్బు వాళ్ల జేబుల్లో ఉంది. దుబాయ్ వెళ్లే ప్రతి కుర్రాడికీ ఇది చెప్పాలనిపిస్తుంది నాకు.

మరుసటి వారం కూరగాయలకు వెళ్లినప్పుడు, అంత చూపుతో బిళ్లను ఎలా పట్టుకున్నావని అవ్వను అడిగాను.

"మా అమ్మ సిక్కా పైసలు ఒక దిక్కు, కల్దారు పైసలు ఒక దిక్కు సీకట్ల గూడ ఏరేది. ఆమె దగ్గర నేర్సిన" అంది.

కొత్త తరానికి ఇది వివరంగా చెప్పాలి. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు, చార్మినార్ బొమ్మతో ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడివాళ్లు కల్దారు అనేవారు. మారకం కాస్త అటూ ఇటూగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. వెండి నాణేల రోజుల్లో హాలీ రూపాయి బరువు కల్దారు కంటే కొంచెం తక్కువ. 1959లో హాలీ చెల్లుబాటు పూర్తిగా ఆగిపోయే వరకు తెలంగాణలో సంతకు వెళ్లే ప్రతి మనిషి వేలూ ఈ రెంటినీ వేరుచేయడం నేర్చుకునే ఉండాలి. బెజవాడ నుంచి వచ్చిన రూపాయి కూడా ఆ రోజుల్లో ఇక్కడ పరదేశి బిళ్లే.

చదువుకునే రోజుల్లో ఒక సాయంత్రం, మసక వెలుతుర్లో, నా దగ్గరున్న నేపాలీ బిళ్లను తెలిసే ఒక బఠాణీల బండి ముసలాయనకు అంటగట్టాను. ఆయన చూసుకోలేదు. పోయింది ఒక్క రూపాయే. కానీ మర్నాడు ఆయనకూ ఎవరో దాన్ని "చెల్లదు" అని తిప్పికొట్టే ఉంటారు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత చెయ్యి మారే బిళ్లను చూడకుండా ఇవ్వలేదు. అవ్వ దగ్గర మాత్రం పొరబడ్డాను.

ఈ బిళ్లలు ఇంట్లో ఉంచుకుంటే ఏమన్నా తప్పా అని కొందరు భయపడతారు. తప్పేమీ లేదు. విదేశీ నోట్లకు పరిమితి ఉంది గానీ, విదేశీ నాణేలు ఎవరైనా ఎన్నయినా దగ్గర పెట్టుకోవచ్చని మన విదేశీ మారకపు నిబంధనలే చెబుతున్నాయి.

పోయిన నెల మా వెనక వీధి కుర్రాడు మొదటిసారి దుబాయ్ ప్రయాణమయ్యాడు. భవన నిర్మాణంలో పని. చెప్పిపోదామని వచ్చినప్పుడు సీసా దించి దిర్హములన్నీ ఏరి ఒక రుమాలులో కట్టి ఇచ్చాను. పదిహేడు ఉన్నాయి. ఇక్కడ రెండు రూపాయల కింద మారిపోయే ఒక్కో బిళ్ల అక్కడ ఇరవై రూపాయల పైమాటే. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "కాకా, చేతిల పైసలు లేని రోజు నీ బిళ్లలతోనే చాయ్ తాగిన. నలుగురం తాగినం" అన్నాడు.

మీ పోపు డబ్బాలోనో పిల్లల గల్లాలోనో కూజా బొమ్మ బిళ్ల, ఓడ బొమ్మ బిళ్ల ఉంటే ఈ ఆదివారం ఏరి పక్కన పెట్టండి. కూరగాయల అవ్వ చేతిలో వేయకండి. మీ వీధి నుంచి ఆ దేశానికి ఎవరు ప్రయాణమవుతున్నారో అడిగి, వాళ్ల జేబులో పెట్టి పంపండి.