నీలికాంతిపై మోపిన నేరము

శ్రీనగర్ కాలనీలో గాని, చేరువనున్న అమీర్‌పేట, పంజగుట్టలలో గాని ఒక పిల్లవానికి కళ్లజోడు వచ్చినదనగానే పెద్దల నోట వెలువడు మాట ఒక్కటే: “సెల్‌ఫోను చూచి చూచి కండ్లు పాడుచేసుకొన్నాడు.” కళ్లద్దాల దుకాణములో ఈ మాటకు శాస్త్రపు ముసుగు వేయుదురు. తెరనుండి నీలికాంతి వెలువడునట. అది కంటికి చెరుపట. దానిని వడపోయు అద్దములు కొనవలెనట. కొన్ని తరగతి గదులలో కూడ ఇదే బోధ జరుగుచున్నది గనుక ఈ వాదమును పరీక్షింపవలసియున్నది.

తెర వెలుగులో నీలికాంతి ఉన్నమాట నిజమే. కాని ఎంత? దీపము వెలుగుచున్న గదిలో సాధారణముగా 300 నుండి 500 లక్సుల కాంతి ఉండును. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది లక్షకు చేరును. అందులో నీలికాంతికి కొరత లేదు. నీలికాంతియే హ్రస్వదృష్టికి హేతువైనచో అది ముందుగా పొలములో పనిచేయు రైతునకు రావలెను. 2023లో కాక్రేన్ సంస్థ ఈ అద్దములపై జరిగిన 17 ప్రయోగములను సమీక్షించినది. మామూలు అద్దములకంటె ఇవి కంటి అలసటను తగ్గించుననుటకు తగిన ఆధారము దొరకలేదు. తెరను చూచునప్పుడు రెప్పపాట్లు తగ్గి, కన్నీటిపొర ఆరిపోవుట ఆ అలసటకు ఒక ముఖ్యకారణము. రెప్పలను ఆర్పించు అద్దము ఇంకను పుట్టలేదు! రాత్రివేళ తెర వెలుగు నిద్రను చెరుపుననుట వేరు సంగతి. దానికి అద్దము కొనుటకంటె ఫోనును ప్రక్కన పెట్టుట సులభము.

హ్రస్వదృష్టి అనగా చాలవరకు కనుగ్రుడ్డు వెనుకకు అధికముగా సాగుటయే. అప్పుడు దూరవస్తువుల ప్రతిబింబము నేత్రపటలముమీద గాక దానికి ముందే ఏర్పడును. అద్దము ప్రతిబింబమును సరిచేయునే గాని సాగిన గ్రుడ్డును కుదింపజాలదు. సాగుట మితిమీరినచో పెద్దవయసున నేత్రపటలము ఊడివచ్చు ప్రమాదము, నీటికాసుల ప్రమాదము పెరుగును. కావున ఇది కళ్లజోడుతో తీరిపోవు చిన్న సమస్య కాదు.

శ్రీనగర్ కాలనీకి దగ్గరలోనే, బంజారాహిల్సులో, 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ ఉన్నది. ఆ సంస్థ పరిశోధకులు మహబూబ్‌నగర్ జిల్లా గ్రామములలో 7 నుండి 15 ఏండ్ల పిల్లలను పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 4.1 మందికి హ్రస్వదృష్టి ఉన్నది. అదే ఏట వెలువడిన ఢిల్లీ నగరపు లెక్కలో ఇది నూటికి 7.4. నాటికి పిల్లల చేతులలో నేటి ఫోనులు లేవు. పల్లెకును పట్టణమునకును తేడా మాత్రము అప్పుడే ఉన్నది.

అంతమాత్రమున ఫోను నిర్దోషియని కాదు. 45 పరిశోధనలను కలిపి చూచిన 2025 నాటి సమీక్షలో, రోజుకు ఒక గంట తెర అధికమైనకొలది హ్రస్వదృష్టి సంభావ్యత నూటికి 21 చొప్పున పెరిగినట్లు తేలినది. అయితే అది సంబంధమే గాని కారణమునకు రుజువు కాదు. దగ్గరి చూపు ఎంత దోషమో, తెర మ్రింగివేసిన ఆటవేళ ఎంత నష్టమో ఆ లెక్క విడదీయలేదు.

ఆటవేళ విలువను మాత్రము చైనాలోని గ్వాంగ్జౌ నగరమున 12 పాఠశాలలలో జరిగిన ప్రయోగము చూపినది. సగము పాఠశాలలలో ఒకటవ తరగతి పిల్లలను రోజూ అదనముగా 40 నిమిషములు ఆరుబయట ఉంచిరి. మూడేండ్లకు వారిలో నూటికి 30.4 మందికి, తక్కినవారిలో 39.5 మందికి హ్రస్వదృష్టి వచ్చినట్లు 2015లో ప్రకటించిరి. ఆరుబయటి వెలుతురు నేత్రపటలములో డోపమీనును పెంచి గ్రుడ్డు సాగుటను అడ్డునని శాస్త్రజ్ఞుల ఊహ. వచ్చిన హ్రస్వదృష్టిని వెలుతురు పోగొట్టదు. రాకడను అడ్డగించుటకే అది ఉపకరించును.

40 నిమిషములనగా మన పాఠశాలలో ఇంచుమించు ఒక పీరియడు. పరీక్షలు దగ్గరపడగానే గణితమునకు అప్పగించు ఆటల పీరియడు అదియే. ఎండలో నిలువనక్కరలేదు, చెట్టునీడలో సైతము గదిలోకంటె ఎన్నో రెట్లు వెలుతురు ఉండును. నమ్మనివారు తరగతిలో ఒకమారు, వేపచెట్టుక్రింద ఒకమారు లక్సులు కొలిచి చూడవచ్చును. చాల ఫోనులలో కాంతిని కొలుచు సాధనము ఉండనే ఉన్నది.