ఆంధ్రకావ్యములు - ఓడలోని దినచర్య

ఆంధ్రకావ్యములయందు సముద్రవర్ణనమునకుఁ గొఱఁత లేదు. చంద్రోదయమునఁ బొంగు కడలి ప్రబంధపాఠకులకుఁ జిరపరిచితము. అయినను నెలలతరబడి యోడపై నుండువారు నీటి నెట్లు పొదుపు చేయుదురో, యెచ్చట వండుకొందురో, యెచ్చట నిద్రింతురో తెలుపు పద్యము లరుదు. సముద్ర మెఱుఁగని సీమలో నిది సహజము, కృష్ణానదీముఖమునఁ గాదు.

దివిసీమలోని ఘంటసాల ప్రాకృతశాసన మొకటి శివకుఁడను మహానావికుని పేర్కొనుచున్నది. శాతవాహనుల నాణెములపై రెండు కూపకముల యోడ కలదు. మచిలీపట్టణమున 1605లో డచ్చివారును, 1611లో నింగ్లీషువారును వర్తకస్థానములు నెలకొల్పిరి. ఇట్టి తీరమున నోడబ్రదుకు కావ్యమున కెక్కకుండుటకుఁ గారణము విచారింపఁదగినది.

కవు లోడల నెఱుఁగరనుటకు వీలులేదు. శ్రీనాథుఁడు హరవిలాసమున నవచి తిప్పయసెట్టి నౌకావ్యాపారమును గీర్తించుచుఁ గప్పలి, జోంగు మున్నగు నోడల పేర్లు సైతము చెప్పెను. కాని యందుఁ గానవచ్చునది సరకే. దానితోఁ బయనించిన మనుష్యుఁడు గాఁడు. కృతిపతి యైశ్వర్య మచటఁ బ్రకృత మగుటచే నిది దోషము గాదు. దండి మార్గము వేఱు. కావ్యాదర్శమున నర్ణవవర్ణనమును విధించిన యాతఁడే దశకుమారచరితమున మిత్రగుప్తుని గడలిలోఁ బడవైపించి యవనుల యోడ నెక్కించెను. ఆ కథలను 13వ శతాబ్దమునఁ గేతన తెనిఁగించెను. పిదపటి ప్రబంధకవులు దండి చెప్పిన లక్షణమును గైకొని, చూపిన లక్ష్యమును విడిచిరి. తీరమున నిలిచియే కడలిని వర్ణించిరి.

బౌధాయనుఁడు సముద్రసంయానమును బతనీయములలోఁ జేర్చెను. అమరసింహుఁడు వారివర్గమున నోడవర్తకుని సాంయాత్రికుఁ డనెను. రెంటను సంపూర్వకమగు 'యా' ధాతువే. సూత్రమునఁ బాతకమైనది నిఘంటువున వృత్తినామ మైనది. శాస్త్రభీరు వోడ నెక్కలేదు. ఎక్కినవారిలోఁ గావ్యము వ్రాసినవా రరుదు. ఇంగ్లండుయాత్రను దెలుఁగున రచించి, 1876లో నింగ్లీషునఁ బ్రకటించిన పోతం జానకమ్మ మార్గమును బండితులు పట్టలేదు.

కావ్యము విడిచిన దానిని నిఘంటువు దాఁచినది. సేకపాత్రము, ఓడలోఁ జేరు నీటిని దోడిపోయు పాత్ర. అభ్రి, మురికిఁ గోఁకు కఱ్ఱపాఱ. కర్ణధారుఁడు, ఓడ నడపువాఁడు. ఆతరము, ప్రయాణికుఁ డిచ్చు కూలి. ఒకఁడు నీరు తోడుచున్నాఁడు, ఒకఁడు మురికి గోఁకుచున్నాఁడు, ఒకఁడు దారి చూచుచున్నాఁడు, ఒకఁడు కూలి యిచ్చి కూర్చున్నాఁడు: దినచర్య యంతయు నీ నాలుగు మాటలలో నున్నది.

తీరవాసుల నోటనున్న పదములును సాక్షులే. తెరచాప మనది. చుక్కాని, మాలిమి యరబ్బీనుండి వచ్చినవి. లంగరు, సరంగు పారసీకమునుండి వచ్చినవి. ఒక యోడపై నెన్ని జాతులు కలసి బ్రదికెనో యీ పదములే చెప్పుచున్నవి. వీనిని నన్యదేశ్యములని త్రోసివేసినచో నోడను వర్ణించుటకు మాటలే మిగులవు. రంగూనునకు స్టీమరు డెక్కుపైఁ జాప పఱచుకొని పోయిన కూలిజనుల కష్టసుఖములు పద్యమున కెక్కుట కిట్టి పదములే శరణ్యములు.

మచిలీపట్టణమునను, గుడివాడయందును, అవనిగడ్డయందును వారివర్గము చెప్పు పండితులు శిష్యులచే శ్లోకమును వల్లింపించుటతోఁ దృప్తి చెందరాదు. గిలకలదిండి రేవునకుఁ గొనిపోయి, యొక్కొక్క పదమున కొక్కొక్క వస్తువును జూపి, పడవవారు దాని నేమందురో యడిగి వ్రాయింపవలయును. రాఁబోవు కవికి వర్ణనసామగ్రి యచటఁ గలదు.